ఎమ్మార్పీకి పైన తీసుకోకూడదు, కింద అడగొచ్చు

మీ ప్రశ్న ఇది: "బస్టాండులో 40 రూపాయలని వేసి ఉన్న కూల్‌డ్రింక్‌కి 45 తీసుకున్నారు. అడిగితే కూలింగ్ చార్జ్ అన్నారు. మా వీధి చివర సూపర్‌మార్కెట్‌లో అదే సీసా 38కి ఇస్తున్నారు. అసలు ఎమ్మార్పీ అంటే ఏంటి? అది ఫిక్స్‌డ్ రేటా? గవర్నమెంటు పెడుతుందా? తగ్గించమని అడగడం తప్పా?"

నేను చాలా ఏళ్లుగా కిరాణా సరుకుల ఏజెన్సీ నడుపుతున్నాను. కంపెనీ దగ్గర సరుకు దింపుకుని చిల్లర కొట్లకు వేయడం నా పని. రోజూ ఎమ్మార్పీ అనే మాట మధ్యలోనే బతుకుతాను కాబట్టి కొంచెం వివరంగానే చెబుతాను.

ముందు సూటిగా జవాబు. బస్టాండులో 45 తీసుకోవడం చట్టానికి విరుద్ధం. సూపర్‌మార్కెట్‌లో 38కి ఇవ్వడం పూర్తిగా సబబు. తగ్గించమని అడగడంలో తప్పేమీ లేదు, ఇవ్వడమా మానడమా అనేది కొట్టువాళ్ల ఇష్టం.

ఎమ్మార్పీ అంటే మాక్సిమం రిటైల్ ప్రైస్, మన వాడుకలో గరిష్ఠ చిల్లర ధర. ఈ మూడు ముక్కల్లో జనం మర్చిపోయేది మొదటిదే. "రేటు వేసి ఉంది కదండీ, అంతే ఇవ్వాలి" అని కొనేవాళ్లూ అనుకుంటారు, అమ్మేవాళ్లూ అంటారు. ప్యాకెట్ మీద ఉన్న అంకె ఒక పైకప్పు లాంటిది. దాన్ని దాటకూడదు, దాని కింద ఎక్కడైనా అమ్ముకోవచ్చు. "ఎమ్మార్పీకే ఇస్తున్నామండి, ఒక్క రూపాయి ఎక్కువ తీసుకోవట్లేదు" అని ఏదో మేలు చేస్తున్నట్టు చెప్పే కొట్లు చాలా ఉన్నాయి. వాళ్లు చెబుతున్నది, చట్టం ఒప్పుకునే అత్యధిక ధరకి అమ్ముతున్నామనే. తప్పు కాదు, అలాగని అది రాయితీ కూడా కాదు.

ఇంకో అపోహ, ఈ ధరని ప్రభుత్వం నిర్ణయిస్తుందనేది. కొన్ని మందులు, ఎరువుల లాంటివి తప్పిస్తే మిగతా వాటికి ఎమ్మార్పీ ఎంత వేయాలో తయారీదారు, ప్యాక్ చేసినవారు లేదా దిగుమతి చేసుకున్నవారు నిర్ణయిస్తారు. సబ్బు మీద 40 వేయాలా 60 వేయాలా అన్నది కంపెనీ లెక్క. "ఏదో ఒక ధర స్పష్టంగా వెయ్యి, అన్ని పన్నులూ అందులోనే కలుపు, ఆ తర్వాత ఎవరూ దాన్ని దాటకూడదు" అన్నంతవరకే ప్రభుత్వం నియమం. 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం, అంటే తూనికలు కొలతల చట్టం, దాని కింద 2011లో ప్యాక్ చేసిన సరుకుల కోసం వచ్చిన ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనలు ఈ మాటే చెబుతాయి. మన రెండు రాష్ట్రాల్లో దీన్ని చూసేది తూనికలు కొలతల శాఖ.

పన్నులు కలిపి అన్న మాట ఎందుకు అంత ముఖ్యమో తెలియాలంటే పాత రోజులు చూడాలి. 1977 నాటి నిబంధనల కింద మొదట్లో ప్యాకెట్ మీద ధర వేసి పక్కన "స్థానిక పన్నులు అదనం" అని రాసుకునే వీలుండేది. ఆ అదనం ఎంతో కొనేవాడికి తెలియదు. ఊరు మారితే మారేది, కొట్టు మారితే మారేది, పన్ను పేరు చెప్పి ఎంతైనా లాగొచ్చు. 1990లో ఆ నిబంధనలను సవరించి, అన్ని పన్నులూ కలుపుకున్న గరిష్ఠ ధర వేయాల్సిందే అన్నారు. చదువు రానివాళ్లు కూడా అంకె చూసి "ఇంతే కదా" అని నిలదీయగలిగే పరిస్థితి అప్పటినుంచే వచ్చింది. ఈ పద్ధతిలో లోపాలు లేకపోలేదు, అవీ చెబుతాను. కానీ ఒక పల్లెటూరి ముసలమ్మకి ప్యాకెట్ మీద అంకె ఇచ్చిన ధైర్యం చిన్నది కాదని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక కూలింగ్ చార్జ్ సంగతి. ఫ్రిజ్‌కి కరెంటు బిల్లు వస్తుంది, నిజమే. కానీ ఆ ఖర్చు కొట్టువాడికి వచ్చే మార్జిన్‌లోంచే పోవాలి, ఎమ్మార్పీ పైన వేయకూడదు. సీసా చల్లగా ఉన్నా వేడిగా ఉన్నా దాని మీద ఉన్న ధర ఒకటే. చాలా కొట్లలో ఆ గాజు తలుపుల ఫ్రిజ్ కూడా కూల్‌డ్రింక్ కంపెనీ పెట్టిందే. పాల ప్యాకెట్‌కి రూపాయో రెండో ఎక్కువ తీసుకోవడం కూడా ఈ కోవలోదే. "పొద్దున్నే లేచి తెచ్చి పెడుతున్నాం కదమ్మా" అంటారు. ఆ కష్టం నాకు తెలుసు, పాల మీద మిగిలేది చాలా తక్కువ. దానికి దారి కంపెనీతో కమీషన్ పెంచమని పోట్లాడటం, లేదా ఇంటికి తెచ్చి ఇచ్చినందుకు డెలివరీ డబ్బులని ముందే చెప్పి విడిగా తీసుకోవడం. కొట్టుకు వచ్చి కొనుక్కునేవాళ్ల దగ్గర ప్యాకెట్ మీది ధర దాటించడం మాత్రం కుదరదు.

బస్టాండు స్టాళ్ల వాళ్లు చెప్పే ఇంకో కారణం అద్దె. "ఇక్కడ వేలంపాటలో లక్షలు పోసి తీసుకున్నాం" అంటారు. అద్దె ఎంతైనా, అది కొనేవాడి మీద వేసుకోవడానికి చట్టంలో చోటు లేదు. పైగా ఆ స్టాల్ ఆర్టీసీ ఇచ్చిన అనుమతితో నడుస్తుంది. కాబట్టి బస్టాండులోనే ఉండే స్టేషన్ మేనేజర్‌కి చెప్పొచ్చు, చాలాసార్లు అక్కడే తేలిపోతుంది.

రైళ్లలో దీనికి మంచి ఉదాహరణ రైల్వే వాళ్ల నీళ్ల సీసా, రైల్ నీర్. లీటరు సీసా ధర చాలా ఏళ్లు 15 రూపాయలు ఉండేది. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు మారినప్పుడు దాన్ని 14కి, అరలీటరు సీసాని 10 నుంచి 9కి తగ్గించారు. చిల్లర లేదని ఎక్కువ తీసుకుంటే అది ఎమ్మార్పీకి మించి అమ్మడమే. రూపాయే కదా అని మనం వదిలేస్తాం. రోజుకి వందల సీసాలు అమ్మేవాడికి ఆ రూపాయి ఎంత అవుతుందో మీరే లెక్కేసుకోండి. ఇప్పుడు ఫోన్‌తో కట్టేస్తున్నాం కాబట్టి చిల్లర అనే సాకు కూడా లేదు, సరిగ్గా 14 కొట్టి చూపించండి.

సినిమా హాళ్లు, విమానాశ్రయాల గొడవ ఇంకాస్త పాతది. బయట 20 రూపాయల నీళ్ల సీసా లోపల 50, 60. సీసా తిప్పి చూస్తే దాని మీదే 50 అని అచ్చు వేసి ఉండేది! ఎమ్మార్పీ దాటలేదు కదా అని వాదించేవాళ్లు. ఒకే సరుకుకి రెండు ఎమ్మార్పీలు వేసే ఈ పద్ధతిని 2018 జనవరి 1 నుంచి నిషేధించారు. అదే కంపెనీ, అదే పరిమాణం, అదే సరుకు అయితే ఎక్కడ అమ్మినా ఒకే ఎమ్మార్పీ ఉండాలి. ఆ ఏడాదే హైదరాబాదులో తూనికలు కొలతల అధికారులు మల్టీప్లెక్సుల్లో తనిఖీలు చేశారు. అయితే పాప్‌కార్న్, మెషీన్‌లోంచి గ్లాసులో పట్టి ఇచ్చే డ్రింకుల సంగతి వేరు. అవి ముందే ప్యాక్ చేసిన సరుకులు కావు కాబట్టి వాటికి ఎమ్మార్పీ అనేదే లేదు. ఎంతైనా పెట్టుకోవచ్చు, కాకపోతే ధర కనిపించేలా రాసి పెట్టాలి.

హోటల్ దగ్గర మాత్రం జాగ్రత్తగా వాదించాలి. 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, హోటళ్లు, రెస్టారెంట్లు నీళ్ల సీసాని ఎమ్మార్పీకి మించి ఇచ్చినా అది తూనికలు కొలతల చట్టం కింద నేరం కాదు. అక్కడ మనం కొనేది సీసా ఒక్కటే కాదు, కుర్చీ, బల్ల, ఏసీ, వడ్డన అన్నీ కలిసిన సేవ అని కోర్టు చెప్పింది. అందుకని ఏసీ రెస్టారెంట్‌లో కూర్చుని 20 రూపాయల సీసాకి 40 వేశారని ఫిర్యాదు చేస్తే నిలవడం కష్టం. ముందే మెనూ చూసుకోండి, లేదా మామూలు నీళ్లు అడగండి, అవి ఊరికే ఇస్తారు. అదే హోటల్ కౌంటర్ దగ్గర నిలబడి సీసా కొనుక్కుని బయటికి వచ్చేస్తే అక్కడ సేవ అనేది పెద్దగా లేదు. అక్కడ మీరు ధైర్యంగా అడగొచ్చు.

ఇప్పుడు మీ ప్రశ్నలో రెండో సగం: 40 రూపాయల సీసా 38కి ఎలా వస్తుంది? ఎమ్మార్పీలో కంపెనీ వాటా, ఏజెన్సీ వాటా, కొట్టువాడి వాటా, పన్ను అన్నీ ఉంటాయి. పేరున్న సబ్బులు, బిస్కెట్ల మీద చిల్లర కొట్టుకి మిగిలేది పది శాతం అటూ ఇటూగా ఉంటుంది. అందులోంచే అద్దె, కరెంటు, పనివాళ్ల జీతం పోవాలి. అందుకని మీ వీధి కొట్టు ఆయన "ఎమ్మార్పీయేనండి, తగ్గదు" అంటే ఆయనకి నిజంగానే తగ్గించే వీలు తక్కువ. పెద్ద సూపర్‌మార్కెట్లు లారీల కొద్దీ కొంటాయి, డబ్బు వెంటనే కడతాయి, కంపెనీల దగ్గర స్కీములు ఎక్కువ రాబట్టుకుంటాయి. ఆ మిగులులో కొంత మీకు వదిలి, ఎక్కువ సరుకు అమ్మి లాభం చేసుకుంటాయి. ఇందులో మోసం ఏమీ లేదు. నెలకి సరిపడా సామాను మొత్తం ఒక్కచోటే తీసుకుంటే వీధి కొట్టువాళ్లు కూడా మొత్తం బిల్లు మీద ఎంతో కొంత తగ్గిస్తారు. అడిగి చూడండి. ఒక్క సబ్బు కొని బేరమాడితే ఆయనకీ ఇబ్బంది, మీకూ ఒరిగేది లేదు.

కానీ తగ్గింపు అనే మాట దగ్గరే నేను అందరికీ గట్టిగా చెప్పాలనుకున్నది ఉంది. ఎమ్మార్పీ వేసేది కంపెనీయే కాబట్టి, కావాలని ఎక్కువ వేసి దాని మీద పెద్ద తగ్గింపు చూపించడం చాలా తేలిక. పరుపులు, ప్రెషర్ కుక్కర్లు, మిక్సీలు, ఇయర్‌ఫోన్లు, బ్రాండు పేరు ఎవరూ వినని బట్టలు చూడండి. 1,999 కొట్టేసి 499 అని ఉంటుంది. ఆ వస్తువు 1,999కి ఎప్పుడైనా ఎక్కడైనా అమ్ముడుపోయిందా? చాలావాటికి లేదనే జవాబు. కాబట్టి "ఎమ్మార్పీ మీద ఎంత శాతం తగ్గింది" అన్న లెక్క పక్కన పెట్టి, "ఇలాంటి వస్తువే ఇంకోచోట ఎంతకి వస్తోంది" అన్నది చూడండి. అందరూ కొనే సబ్బు, పేస్టు, టీపొడి మీద ఎమ్మార్పీ నమ్మదగిన అంకె, ఎందుకంటే పోటీ కంపెనీలు పక్కనే ఉంటాయి. పోల్చడానికి వీల్లేని వస్తువుల మీద ఆ అంకెకి విలువ తక్కువ.

దీని బరువు ఎక్కువగా తెలిసేది మందుల దగ్గర. 2013 నాటి మందుల ధరల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం, అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నవాటికి జాతీయ ఔషధ ధరల సంస్థ గరిష్ఠ ధర నిర్ణయిస్తుంది. ఆ లెక్కలో మందుల కొట్టు మార్జిన్ 16 శాతం. జాబితాలో లేని మందుల ఎమ్మార్పీని కంపెనీయే వేసుకుంటుంది, ఏడాదిలో 10 శాతానికి మించి పెంచకూడదు అన్నదే హద్దు. మొదటే ఎంత వేయాలన్నదానికి హద్దు లేదు. అందుకే కొన్ని జెనరిక్ మందుల మీద ఎమ్మార్పీకి, కొట్టువాడు కొన్న రేటుకి మధ్య ఎంతో తేడా ఉంటుంది. "20 శాతం తగ్గింపు" అని బోర్డు పెట్టి కూడా హాయిగా లాభం చేసుకోగలిగేది అక్కడే. ఈ తేడా వల్లే కేన్సర్ మందుల్లో 42 రకాల మీద మొత్తం వ్యాపార మార్జిన్‌ని 30 శాతానికి కట్టడి చేస్తూ ప్రభుత్వం 2019లో ఉత్తర్వు ఇచ్చింది. మీరు నెలనెలా బీపీ, షుగర్ మందులు కొనేవాళ్లయితే, మందు బ్రాండు పేరు కాకుండా అందులోని అసలు రసాయనం పేరు డాక్టరుగారిని అడిగి రాయించుకోండి. ప్రభుత్వ పథకం కింద చవకగా మందులు అమ్మే జన ఔషధి కేంద్రంలో దాని ధర ఎంతో కనుక్కోండి. ఎమ్మార్పీ మీద తగ్గింపు ఎంత అని వెతకడం కన్నా ఇందులో మిగిలేది చాలా ఎక్కువ. ఇంకో మాట, షీటు మొత్తం కాకుండా నాలుగు మాత్రలు కత్తిరించి ఇచ్చినప్పుడు షీటు ధరని మాత్రల లెక్కన పంచి అంతే తీసుకోవాలి. విడిగా అని రేటు పెంచకూడదు.

ఎమ్మార్పీ పక్కనే ఇప్పుడు ఇంకో చిన్న అంకె వస్తోంది, దాన్ని ఎవరూ చూడట్లేదు. యూఎస్పీ అని ఉంటుంది, అంటే యూనిట్ సేల్ ప్రైస్. గ్రాముకి ఎంత, మిల్లీలీటరుకి ఎంత, కిలో దాటిన ప్యాకెట్ అయితే కిలోకి ఎంత అని. నాకైతే ఎమ్మార్పీ కన్నా ఇదే ఎక్కువ పనికొచ్చే అంకె అనిపిస్తుంది. ఎందుకో చెబుతాను. ఐదు రూపాయలు, పది రూపాయల ప్యాకెట్ల మీద కంపెనీలు ధర మార్చడానికి ఇష్టపడవు, జనానికి ఆ అంకె అలవాటైపోయింది. ముడిసరుకు పెరిగితే ధర అలాగే ఉంచి లోపల గ్రాములు తగ్గిస్తాయి. "బిస్కెట్ ప్యాకెట్ చిన్నదైపోయింది" అని పిల్లలు అంటే అది వాళ్ల ఊహ కాదు. ఎమ్మార్పీ ఒకటే చూసేవాళ్లకి ఈ మార్పు కనిపించదు, యూఎస్పీ చూస్తే వెంటనే తెలిసిపోతుంది. గ్రాముకి 0.42 అని ఉంటే వెయ్యితో హెచ్చించండి, కిలో 420 అన్నమాట. పక్క ప్యాకెట్ మీద 0.38 ఉంటే అది కిలో 380. పెద్ద ప్యాకెట్ ఎప్పుడూ చవక అన్న నమ్మకం కూడా దీంతో పరీక్షించుకోవచ్చు. ఒక్కోసారి అరకిలో రెండు తీసుకుంటేనే కిలో ప్యాకెట్ కన్నా తక్కువ పడుతుంది.

2025 సెప్టెంబరులో జీఎస్టీ తగ్గినప్పుడు ఈ ఎమ్మార్పీ గురించి కొట్ల దగ్గర చాలా వాదనలు జరిగాయి. సబ్బు, షాంపూ, టూత్‌పేస్టు, తలనూనె మీద పన్ను 18 నుంచి 5 శాతానికి వచ్చింది. పాత స్టాకు మీద పాత ఎమ్మార్పీ అచ్చు అయి ఉంది, మరి కొత్త ధర ఎలా చూపించాలి? మామూలుగా ప్యాకెట్ మీద స్టిక్కర్ వేసి ధర మార్చకూడదు. తగ్గించడానికి మాత్రం స్టిక్కర్ వేయొచ్చు, అదీ కింద ఉన్న పాత ధర కనిపించేలా పక్కన అంటించాలి. ఇది బాగా గుర్తుపెట్టుకోండి: పాత అంకెని కప్పేస్తూ, గీకేస్తూ, మార్కర్‌తో దిద్దుతూ వేసిన ధర ఏదైనా అనుమానించాల్సిందే. స్టిక్కర్ ఎత్తి చూస్తే కింద తక్కువ ధర ఉందంటే అది నేరుగా ఫిర్యాదు చేయాల్సిన విషయం. పన్ను తగ్గిందని అన్నీ తగ్గాయని కూడా అనుకోవద్దు. కూల్‌డ్రింకుల మీద పన్ను అంతకుముందు 28 శాతం, పైన 12 శాతం సెస్సు కలిపి 40 ఉండేది, ఇప్పుడు నేరుగా 40 చేశారు. అందుకే మీ సీసా ధర తగ్గలేదు.

బిల్లు దగ్గర ఇంకో చిక్కు. బట్టలు, చెప్పుల షోరూముల్లో "50 శాతం తగ్గింపు" అని పెద్దక్షరాలతో రాసి, కింద చిన్నక్షరాలతో "పన్నులు అదనం" అని రాస్తారు. 2,000 ఎమ్మార్పీ చొక్కా వెయ్యికి వస్తుందని వెళితే, దాని మీద పన్ను కలిపి బిల్లు ఇస్తారు. ఎమ్మార్పీలో పన్ను ముందే కలిసి ఉన్నప్పుడు, తగ్గించిన ధర మీద మళ్లీ పన్ను వేయడం తప్పుదోవ పట్టించే ప్రకటన అని జాతీయ వినియోగదారుల కమిషన్ 2017లోనే చెప్పింది. అప్పట్లో అది జీఎస్టీకి ముందున్న వ్యాట్ అనే పన్ను గురించి. పన్ను పేరు మారినా ఎమ్మార్పీ అర్థం మారలేదు, కాబట్టి ఆ వాదన ఇప్పటికీ చెల్లుతుందనే నా అభిప్రాయం. పన్ను విడిగా చూపించడం వేరు, అదనంగా వసూలు చేయడం వేరు. 105 రూపాయల ఎమ్మార్పీ సబ్బుల ప్యాకెట్ బిల్లులో "సరుకు 100, పన్ను 5" అని ఉంటే అది సరైన బిల్లే. 105 రాసి పైన ఇంకో 5 వేస్తేనే తప్పు.

విడిగా తూచి అమ్మే బియ్యం, పప్పులు, కూరగాయలకి ఎమ్మార్పీ ఉండదు. వాటి దగ్గర బేరం, తూకం, మన కళ్లు, అంతే. సందర్భం వచ్చింది కాబట్టి చెబుతున్నాను: మిఠాయి కొట్టులో అట్టపెట్టెతో కలిపి తూచి ఇస్తే ఒప్పుకోకండి. పెట్టె బరువుకి కూడా మీరు కాజూ బర్ఫీ రేటు కడుతున్నారు. పెట్టె విడిగా పెట్టి తూకాన్ని సున్నాకి తెచ్చి తర్వాత మిఠాయి వేయమని అడగడం మీ హక్కు. పెద్ద బస్తాల విషయంలో కూడా తేడా ఉంది. 25 కిలోలు దాటిన ప్యాకెట్లకు మామూలుగా ఈ ప్యాకెట్ నిబంధనలు వర్తించవు. సిమెంటు, ఎరువులు, వ్యవసాయ ఉత్పత్తుల బస్తాలకైతే ఆ హద్దు 50 కిలోలు.

ఎరువులు అన్నాను కాబట్టి అక్కడ ఒక్క నిమిషం ఆగాలి, ఎందుకంటే ఎమ్మార్పీ అనే మాట మన పల్లెల్లో ఎక్కువగా వినిపించేది అక్కడే. యూరియా 45 కిలోల బస్తా ధర 266 రూపాయల 50 పైసలు. ఇది కంపెనీ ఇష్టానికి వదిలిన ధర కాదు, కేంద్రం సబ్సిడీ భరించి నిర్ణయించినది. ఖరీఫ్‌లో కొరత వచ్చినప్పుడు రైతు దగ్గర 300 పైన తీసుకోవడం, లేదా "ఈ పురుగుమందు కూడా తీసుకుంటేనే యూరియా" అని లింకు పెట్టడం మనకు తెలిసిన బాధే. నాటు వేసి నీళ్లు పెట్టిన రైతు ఆ పూట వాదనకి దిగలేడు, అది తెలిసే లింకు పెడతారు. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది ఇదే. ఇలాంటప్పుడు తూనికల శాఖ దాకా వెళ్లనక్కర్లేదు. మండల వ్యవసాయ అధికారికి చెప్పండి. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కింద డీలరు లైసెన్సు మీద చర్య తీసుకునే అధికారం వ్యవసాయ శాఖకి ఉంది. ఈ-పాస్ మెషీన్ నుంచి వచ్చే బిల్లు తప్పకుండా అడిగి తీసుకోండి. అందులో అచ్చయ్యేది సరైన ధరే, దానికి మించి ఇచ్చింది ఫోన్‌లో కడితే రెండూ పక్కపక్కన పెట్టి చూపించొచ్చు.

ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు కూడా ఎమ్మార్పీ చూపించాలన్నది నిబంధన. పది నిమిషాల్లో ఇంటికి తెచ్చే యాప్‌లలో సరుకు ధర ఎమ్మార్పీ లోపలే ఉంటుంది, చివర్లో హ్యాండ్లింగ్ ఫీజు, డెలివరీ ఫీజు, వాన ఫీజు అని చేరతాయి. ఇవి సేవకి తీసుకునే డబ్బులు కాబట్టి ఎమ్మార్పీ దాటినట్టు లెక్కకి రావు. అయితే మొదట ఒక ధర చూపించి చివరి పేజీలో అదనాలు దాచి కలపడాన్ని 2023 నవంబరులో వచ్చిన కేంద్ర మార్గదర్శకాలు తప్పుపట్టాయి. అదనాలన్నీ కలిపిన మొత్తం బిల్లుని ఆ సరుకుల ఎమ్మార్పీల మొత్తంతో పోల్చి చూసుకోండి, అక్కడ కనిపించే చవక నిజంగా చవకేనా అన్నది తెలుస్తుంది.

అమెరికాలో ఉన్న మన పిల్లలు ఇక్కడి అలవాటుతో అక్కడ ఇబ్బంది పడతారు, అందుకే ఒక మాట. అక్కడ ఎంఎస్ఆర్పీ అని వాడతారు, అది తయారీదారు సూచించే ధర మాత్రమే, దానికి మించి అమ్మినా నేరం కాదు. అరలో రాసి ఉన్న ధర మీద చాలా రాష్ట్రాల్లో కౌంటర్ దగ్గర అమ్మకం పన్ను కలుస్తుంది. ఇండియన్ స్టోర్‌లో ఊరగాయ సీసా మీద రూపాయల్లో ఎమ్మార్పీ కనిపించినా, దాన్ని పట్టుకుని అక్కడ వాదించడానికి లేదు. మన చట్టం మన దేశంలో అమ్మకానికే.

ఇక ఎక్కువ తీసుకున్నప్పుడు ఏం చేయాలి? ముందు మర్యాదగా అడగండి. సీసా తిప్పి అంకె చూపించి "అన్నా, ఇంతే కదా ఉంది" అంటే పదిమందిలో ఎక్కువమంది తగ్గించేస్తారు. చాలామంది అడగనివాళ్ల దగ్గరే తీసుకుంటారు. ఒప్పుకోకపోతే గొడవ పడొద్దు, ప్యాకెట్ మీద ధర, తయారీ తేదీ కనిపించేలా ఫోటో తీయండి, కొట్టు బోర్డు కూడా పడేలా ఇంకోటి తీయండి. నగదు ఇవ్వకుండా ఫోన్‌తో కట్టండి, ఎంత కట్టారో ఎవరికి కట్టారో అందులోనే ఉంటుంది. బిల్లు అడగండి, ఇవ్వకపోతే ఫోన్ రసీదు చాలావరకు పనిచేస్తుంది. తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు. లేదా మీ జిల్లా తూనికలు కొలతల ఇన్‌స్పెక్టర్‌కి రాతపూర్వకంగా ఇవ్వండి. ఈ శాఖ చేసేది తనిఖీ, కేసు, జరిమానా. మీకు పరిహారం కావాలంటే మాత్రం జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లాలి. ఐదు లక్షల లోపు విలువకి అక్కడ ఫీజు లేదు, లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటినుంచే ఫైల్ చేయొచ్చు. ఐదు రూపాయల కోసం కమిషన్ దాకా వెళ్లాలా అన్నది మీ ఓపికని బట్టి. మీ బస్టాండు విషయంలో నేనైతే స్టేషన్ మేనేజర్‌కి చెప్పి, అదే రోజు 1915లో ఫిర్యాదు నమోదు చేయించి, ఆ నంబరు రాసిపెట్టుకుంటాను.